గోడకు ఊపిరాడాలి

విజయనగరంలో కోట చుట్టుపక్కల, శ్రీకాకుళంలో నాగావళి ఒడ్డు వైపు, పాత వీధుల్లో ఇంకా కొన్ని పెంకుటిళ్లు మిగిలాయి. పాడుబడుతున్నవాటి దగ్గర ఆగి చూడండి. చాలా ఇళ్లలో దెబ్బతిన్నది పైకప్పు కాదు, గోడ కింది భాగం. నేల నుంచి మూడు నాలుగు అడుగుల మేర పూత ఉబ్బి, పెచ్చులుగా ఊడి, లోపలి మట్టి పొడిపొడిగా రాలుతూ ఉంటుంది. ఊడిన పెచ్చును చేతిలోకి తీసుకుంటే అది సిమెంటు. ఎవరో ఎప్పుడో గోడ గట్టిపడుతుందని వేయించిన పూత అది. మట్టిగోడ కదా, నిలవదు అంటారు ఇంటివాళ్లు. అంతకు ముందు రెండు మూడు తరాలు అదే గోడ నిలిచింది. సిమెంటు పూసిన కొన్నేళ్లకే ఎందుకు రాలుతోందో తెలియాలంటే ఆ ఇంటిని పునాది నుంచి చూసుకుంటూ రావాలి.

1713లో కోట కట్టడంతో పెరిగిన ఊరు విజయనగరం. గురజాడ అప్పారావు నివసించిన ఇల్లు అక్కడ స్మారకంగా నిలిచి ఉంది. ఆయన నాటకం ‘కన్యాశుల్కం’ 1892లో తొలిసారి రంగస్థలం ఎక్కిన రోజుల్లో ఆ పట్టణం చాలావరకు మట్టి, రాయి, సున్నం, కలప, తాటాకు, పెంకులతోనే నిలబడి ఉంది. మహనీయుడి ఇల్లు కాబట్టి ఆ ఒక్కటి గౌరవం పొందింది. చుట్టూ ఉన్న పేరులేని ఇళ్లలోనూ అదే కాలపు పనితనం ఉంది. నేను చెప్పబోయేది ఆ పేరులేని ఇళ్ల గురించే.

ఈ రెండు జిల్లాల అడుగున ఉన్నది తూర్పు కనుమల రాయి. అందులో రెండు రకాలు ముఖ్యం. ఒకటి ఖోండలైటు. 1902లో టి.ఎల్. వాకర్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఈ కొండల్లో ఉండే ఖోండు గిరిజనుల పేరు మీద దానికి ఆ పేరు పెట్టాడు. కోణార్క సూర్యదేవాలయం ప్రధానంగా కట్టింది ఈ జాతి రాతితోనే. చెక్కడానికి లొంగుతుంది గానీ వానకూ గాలికీ తొందరగా చివికిపోతుంది. అందులోని ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజం వేల ఏళ్ల మీద బంకమట్టిగా మారుతుంది, ఇనుము తుప్పుపట్టి ఎర్రరంగు ఇస్తుంది. రెండోది చార్నకైటు. నల్లగా, నీలంగా, బరువుగా ఉండే రాయి, నీటిని దాదాపు పీల్చదు. పునాదికి, అరుగు అంచుకు, మెట్లకు గట్టి రాయి వాడి, గోడకు ఎర్రమట్టి తెచ్చుకునేవారు. రాయీ మట్టీ రెండూ ఊరి పక్క కొండవే.

ఎర్రమట్టిని ఎంచుకోవడంలో లోతైన తెలివి ఉంది. నల్లరేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలు విచ్చుతుంది. దానిలోని బంక రేణువుల పొరల మధ్యకు నీరు దూరిపోవడమే కారణం. ఖోండలైటు చివికి వచ్చిన ఎర్రమట్టిలో ఎక్కువగా ఉండేది కెయొలినైట్ అనే బంక. దాని పొరలు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉంటాయి, నీటిని మధ్యకు రానివ్వవు. కాబట్టి గోడ ఎండేటప్పుడు తక్కువగా ముడుచుకుంటుంది. ఆ కొద్దిపాటి ముడుచుకోవడాన్ని కూడా అదుపులో పెట్టడానికి మట్టిలో ఎండుగడ్డి, ఊక కలిపి కాళ్లతో తొక్కేవారు. ముద్దలు పేర్చి మూరెడు ఎత్తు వరస పెట్టి, అది ఆరాక పైవరస పెట్టేవారు. తొందరపడి ఒకేసారి లేపితే కింది తడి మట్టి బరువుకు పక్కకు జారుతుంది. ఒక ఇంటి గోడలు లేవడానికి ఒక వేసవి పట్టేది.

అలా లేచిన గోడ మందం అడుగున్నర నుంచి రెండడుగులు ఉంటుంది. దీన్ని బలం కోసమే అనుకుంటాం గానీ వేడి లెక్క కూడా ఉంది. ఎండ గోడ బయటి ముఖానికి తగిలిన వెంటనే లోపలికి రాదు. పొర నుంచి పొరకు పాకుతూ వస్తుంది, వస్తూ వస్తూ బలహీనపడుతుంది. నాలుగంగుళాల కాంక్రీటు కప్పును అది రెండు మూడు గంటల్లో దాటేస్తుంది. అడుగున్నర మట్టిగోడను దాటడానికి పది పన్నెండు గంటలు పడుతుంది. మిట్టమధ్యాహ్నపు వేడి లోపలికి చేరేసరికి అర్ధరాత్రి అవుతుంది. అప్పటికి బయట చల్లబడి, ఇంటివాళ్లు అరుగు మీదో పెరట్లోనో మంచాలు వేసుకుని ఉంటారు. ఇప్పటి శ్లాబు ఇంట్లో సాయంత్రం ఆరింటికి ఫ్యాను కింద కూర్చుంటే పైనుంచి వేడిగాలి కొడుతుంది. మధ్యాహ్నం మూడింటి ఎండ అప్పుడు మన నెత్తిమీదకు దిగుతోందన్నమాట.

అయితే మందపు గోడల గురించి మనవాళ్లు చెప్పుకునే గొప్పలో ఒక సవరణ అవసరం. రాజస్థాన్ లాంటి పొడి ప్రాంతంలో గోడ మందమే ఇంటిని కాపాడుతుంది. మన తీరంలో మే నెలలో వేడితోపాటు ఉక్క ఉంటుంది. గాలిలో తేమ నిండి ఉన్నప్పుడు చెమట ఆరదు, గది చల్లగా ఉన్నా ఒంటికి హాయి ఉండదు. అక్కడ కావలసింది గాలి కదలడం. పాత ఇంట్లో ఆ పని కప్పు చేస్తుంది. నడిమింట్లో నిలబడి తలెత్తితే దూలం దాకా పన్నెండు పదిహేను అడుగుల ఎత్తు. వేడెక్కిన గాలి పైకి లేచి పెంకుల సందుల్లోంచి జారుకుంటుంది, దాని చోటులోకి పెరటివైపు నుంచి, చెట్ల నీడ నుంచి గాలి వస్తుంది. వీధి గుమ్మం, నడిమింటి గుమ్మం, వంటింటి గుమ్మం, పెరటి గుమ్మం ఒకే వరసలో పెట్టడం ఇందుకే. వీధిలో నిలబడితే పెరట్లో నుయ్యి కనిపించే ఇళ్లు మీరూ చూసే ఉంటారు. కలిగినవాళ్లు నడుమ మండువా వదిలారు. రాత్రి ఆకాశానికి తెరుచుకున్న ఆ చోటు వేడిని పైకి వదిలి చల్లబడుతుంది, చల్లటి గాలి బరువుగా కిందికి దిగి చుట్టూ గదుల్లోకి పాకుతుంది.

ఈ ప్రాంతపు ఇళ్లలో నన్ను ఎక్కువగా ఆకట్టుకునేది వరస. శ్రీకాకుళం జిల్లా పల్లెల్లో, పట్టణాల పాత పేటల్లో, ఇల్లూ ఇల్లూ గోడ పంచుకుని వీధి పొడవునా ఒకే కప్పుగా సాగుతాయి. కాస్త ఉత్తరాన గంజాం దాకా ఇదే పద్ధతి. ఒక్కో ఇంటి ముఖం సన్నం, లోతు మాత్రం చాలా ఎక్కువ. ముందు అరుగు, తర్వాత గదులు ఒకదాని వెనుక ఒకటి, చివర పెరడు. పక్కగోడలు రెండూ పొరుగువారివి కూడా కావడంతో వాటికి ఎండా వానా తగలవు. ఎండ తాకేది ముందు ముఖం, వెనక ముఖం, కప్పు మాత్రమే. పక్కగోడల ఖర్చు సగం, వేడి కూడా తగ్గుతుంది. గాలివానకు కూడా ఒంటరి ఇంటికంటే వరస ఇళ్లు బాగా నిలుస్తాయి, ఒకదానికొకటి ఆసరా.

వరస ఇళ్లకు ఒక్క పెద్ద శత్రువు నిప్పు. తాటాకు కప్పుల రోజుల్లో ఒక ఇంట్లో అంటుకుంటే వీధి మొత్తం బుగ్గి అయ్యేది. దానికి కనిపెట్టిన ఉపాయం చాలా అందమైనది. గోడల మీద దుంగలు అడ్డంగా పరిచి, వాటి మీద మందంగా మట్టి మెత్తి ఒక అటక చేసేవారు. దానికి పైన విడిగా తాటాకు కప్పు. నిప్పు వస్తే పైకప్పు కాలిపోతుంది గానీ మట్టి అటక మంటను కిందికి రానివ్వదు. ధాన్యం, పత్రాలు కింద భద్రం. మళ్లీ తాటాకు కప్పుకుంటే ఇల్లు ఇల్లే. వేసవిలో ఆ రెండు కప్పుల మధ్య గాలిపొర వేడిని కూడా ఆపుతుంది.

తాటాకు తర్వాత గూనపెంకు వచ్చింది, ఆ తర్వాత బెంగుళూరు పెంకు. మనం బెంగుళూరు పెంకు అంటున్నది నిజానికి మంగుళూరులో మొదలైంది. 1860లలో అక్కడ బాసెల్ మిషన్ అనే క్రైస్తవ సంస్థ పెంకుల కార్ఖానా పెట్టింది. ఒకదానిలో ఒకటి ఇరుక్కునే ఆ అచ్చు మూలం 1841లో ఫ్రాన్సులో గిలార్డొనీ సోదరులు రూపొందించిన పెంకులో ఉంది. గూనపెంకుల్ని రెండు పొరలుగా, ఒకటి వెల్లకిలా ఒకటి బోర్లా, ఒత్తుగా పరవాలి కాబట్టి కప్పు బరువు చాలా ఎక్కువ. బెంగుళూరు పెంకు ఒక్క పొర చాలు. బరువు తగ్గింది, వాసాల ఖర్చు తగ్గింది. 1890లలో తూర్పు తీరం వెంట రైలు పడ్డాక ఇలాంటి సరుకు దూరాల నుంచి రావడం తేలికైంది. ఒక్క నష్టం ఉంది. గూనపెంకుల కింద ఉండే గాలిపొర బెంగుళూరు పెంకుకు లేదు, పగటివేళ కొంచెం వేడి ఎక్కువ. ఉన్నవాళ్లు దాని కింద చెక్కలు కొట్టించుకున్నారు.

కలపలో రెండు లోకాలు కనిపిస్తాయి. సామాన్యుడి ఇంటికి తాటి దూలం. మామూలు చెట్టులో చేవ నడిమధ్య ఉంటుంది, బయటి చెక్క మెత్తన. తాడి గడ్డిజాతికి దగ్గరి చుట్టం కాబట్టి దానిలో గట్టి నారలన్నీ బయటి వలయంలో కిక్కిరిసి ఉంటాయి, లోపల బెండు. దూలం మీద బరువు పడి వంగినప్పుడు ఒత్తిడి ఎక్కువ పడేది పైముఖం మీద, అడుగుముఖం మీద. నడిమి భాగానికి పెద్ద పని ఉండదు. తాడి తన చేవను సరిగ్గా అవసరమైన చోటే పెట్టుకుంది. ముదిరిన చెట్టును ఎంచి, నిలువునా చీల్చి, మెత్తటి బెండు చెక్కేసి వాడేవారు. లేతచెట్టు నరికినవాడి ఇంటికి పురుగు ముందు వస్తుందని వడ్రంగులకు తెలుసు. బెండులో పిండిపదార్థం ఉంటుంది, పురుగుకు కావలసింది అదే.

కొందరి ఇళ్లలో మాత్రం స్తంభాలు, ద్వారబంధాలు బర్మా టేకు. విశాఖపట్నం, భీమునిపట్నం, కళింగపట్నం, బారువ రేవుల నుంచి రంగూన్‌కు ఓడలు నడిచిన రోజుల గుర్తు అది. ఈ జిల్లాల నుంచి వేలమంది రంగం, అంటే రంగూన్, వెళ్లారు. మిల్లుల్లో, రేవుల్లో, పొలాల్లో పనిచేశారు. వాళ్ల కూలి డబ్బు మన ఊళ్లలో గోడలై లేచింది. 1942లో జపాను సేనలు రంగూన్ పట్టుకున్నాక ఆ దారి మూసుకుపోయింది, ఎందరో అడవులూ కొండలూ దాటి కాలినడకన తిరిగివచ్చారు. చెక్కుడు పనితో మెరిసే టేకు గుమ్మం ముందు నిలబడినప్పుడు దాన్ని ఎవరి కూలి కొన్నదో కూడా తలచుకోవడం న్యాయం.

ఇక గాలివాన. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర, 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటాయి. గాలి వేగం రెట్టింపైతే అది చూపే ఒత్తిడి నాలుగు రెట్లవుతుంది. కప్పు మీదుగా వేగంగా పోయే గాలి దాన్ని కిందికి నొక్కదు, పైకి లాగుతుంది. వాలు తక్కువైన కప్పుకు ఈ లాగుడు ఎక్కువ. అందుకే రేకుల షెడ్లు కాగితాల్లా ఎగిరాయి. ముప్ఫై డిగ్రీలు దాటిన వాలు ఉన్న కప్పు మీద లాగుడు బాగా తగ్గుతుంది. దానికి తోడు పెంకుల మధ్య సందులు లోపలి గాలిని, బయటి గాలిని కొంతవరకు సమం చేస్తాయి. పెంకు కప్పుకు బలహీనత అంచుల్లోనూ నడికొప్పు దగ్గరా ఉంది. అక్కడ లేచిన ఒక్క పెంకుతో మొదలై వరస వరసే పోతుంది. తెలిసిన మేస్త్రీలు అంచుల వెంట, కొప్పు వెంట సున్నంతో పట్టీలు కట్టేవారు.

తీరానికి ఇంకా దగ్గరగా ఉన్నవాళ్లు చుట్టిళ్లు కట్టుకున్నారు. గుండ్రటి మట్టిగోడ, గోపురంలా లేచే తాటాకు కప్పు, మనిషి వంగి దూరేంత కిందికి దిగిన చూరు. తుఫాను కన్ను దాటేటప్పుడు గాలి దిక్కు పూర్తిగా తిరగబడుతుంది. నాలుగు పలకల ఇంటికి ఏదో ఒక గోడ ఎదురు నిలవాలి. గుండ్రటి ఇంటికి ఏ వైపు నుంచి వచ్చినా ఒకటే, గాలి రెండుగా చీలి పక్కలకు జారిపోతుంది. ఈ ఇంటిని రూపొందించినవాళ్ల పేర్లు ఏ పుస్తకంలోనూ లేవు. వాళ్లు ఇంజినీర్లే, ఆ మాట మనస్ఫూర్తిగా అంటున్నాను.

ఇల్లు నివాసమే కాకుండా పనిచోటు కూడా అయినప్పుడు నిర్మాణం ఎంత సూక్ష్మంగా ఉంటుందో పొందూరులో తెలుస్తుంది. వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వి, సన్నని నూలు వడికి ఖద్దరు నేసే ఊరు అది. అక్కడ గుంట మగ్గం ఇంట్లోనే ఉంటుంది. నేతగాడు నేలలో తవ్విన గుంటలో కాళ్లు పెట్టుకుని, నేల మట్టానికి కూర్చుని నేస్తాడు. పత్తి దారానికి ఒక విశేషం ఉంది. తేమగా ఉన్నప్పుడు అది బలం పెంచుకుంటుంది, పొడిబారితే పుటుక్కున తెగుతుంది. మట్టినేల నుంచి మెల్లగా లేచే చెమ్మ, గుంటలోని చల్లదనం, మట్టిగోడలు పీల్చి వదిలే తేమ, ఇవన్నీ పోగును కాపాడతాయి. అదే గదికి టైల్స్ పరిచి, రేకు కప్పు వేస్తే పోగులు తెగడం పెరుగుతుంది. ఇంటిని బాగుచేశామనుకుంటూ మగ్గాన్ని దెబ్బతీసినట్టవుతుంది.

ఈ చెమ్మ సంగతే మనల్ని మళ్లీ మొదటి ప్రశ్నకు, రాలుతున్న గోడకు తీసుకువస్తుంది. దానికి ముందు సున్నం గురించి చెప్పాలి. తీరంలో దొరికే గుల్లల్ని, లేదా సున్నపురాయిని, దాదాపు 900 డిగ్రీల వేడిలో కాలిస్తే అందులోని బొగ్గుపులుసు వాయువు బయటికి పోయి పొడిసున్నం మిగులుతుంది. దాని మీద నీళ్లు పోస్తే కుతకుత ఉడికి తడిసున్నం అవుతుంది. గోడ మీద పూశాక అది గాలిలోంచి అదే వాయువును తిరిగి పీల్చుకుని మళ్లీ రాయిగా మారుతుంది. ఈ మార్పు పైనుంచి లోపలికి నెలల తరబడి సాగుతుంది. ఇసుకతో కలిపి గానుగలో ఎద్దులతో రుబ్బించడం, కరక్కాయ నానబెట్టిన నీళ్లు, బెల్లం కలపడం వెనుక కూడా రసాయనం ఉంది. చక్కెర సున్నాన్ని నీటిలో ఎక్కువగా కరిగేలా చేసి పూతను జిగటగా, పనికి అనువుగా ఉంచుతుంది. కరక్కాయ మన ఏజెన్సీ అడవుల్లో దొరికేదే. సున్నపు పూతకు వెంట్రుకవాసి బీట పడితే వాననీటిలో కరిగిన సున్నం ఆ బీటలోనే పేరుకుని దాన్ని పూడుస్తుంది. అన్నిటికీ మించి ఆ పూతలో కంటికి కనిపించని రంధ్రాలుంటాయి. వాటి గుండా నీటి ఆవిరి తేలిగ్గా పోతుంది.

మట్టిగోడ నేలలోని నీటిని దీపంలో వత్తి నూనెను పీల్చినట్టు పైకి పీలుస్తుంది. పాత గోడకూ ఇది జరిగేది. కానీ పీల్చిన నీరు అడుగు ఎత్తు ఎక్కేలోపే సున్నపు పూత గుండా ఆవిరై పోయేది, అందుకే గోడ పొడిగా నిలిచేది. సిమెంటు పూత ఆ దారిని మూసేస్తుంది. బయటికి పోలేని నీరు పైకి ఎక్కుతుంది. పొడిగా ఉన్నప్పుడు బండలా ఉండే మట్టి తడిస్తే బలం చాలావరకు కోల్పోతుంది. నీటితోపాటు నేలలోని ఉప్పూ ఎక్కుతుంది, సముద్రపు గాలి మోసుకొచ్చే ఉప్పు దానికి తోడు. సిమెంటులో కూడా కరిగే లవణాలు కొన్ని ఉంటాయి. పూత వెనుక నీరు ఆరిన చోట ఈ ఉప్పు స్ఫటికాలు కట్టి, పెరిగి, పూతను లోపలి నుంచి నెడుతుంది. అది పెచ్చుగా ఊడుతుంది, ఊడుతూ లోపలి మట్టిని కూడా పట్టుకుపోతుంది. మేస్త్రీ వచ్చి ఇంకా మందంగా సిమెంటు పూస్తాడు. జబ్బు ఇంకో అడుగు పైకి ఎక్కుతుంది.

సిమెంటు పూత ఒక్కటే దీనికి కారణం కాదు. మట్టినేల తీసేసి కాంక్రీటు పోసి టైల్స్ వేయగానే నేలంతటి నుంచి కొంచెం కొంచెంగా లేచే చెమ్మకు గోడలు తప్ప దారి ఉండదు. ప్లాస్టిక్ రంగులు ఇదే పని చేస్తాయి. ఇంకో కారణం ఇంటివాళ్ల చేతిలో లేదు, అదే వీధి. రోడ్డు వేసిన ప్రతిసారీ పాత పొర తవ్వకుండా పైనే కొత్త పొర పోస్తున్నారు. ఒకప్పుడు నాలుగు మెట్లెక్కితే వచ్చే అరుగు ఇప్పుడు ఒక్క మెట్టు మీద ఉంది, కొన్ని ఇళ్లలోకి మెట్టు దిగి వెళ్లాలి. అరుగు ఎత్తు అలంకారానికి పెట్టింది కాదు. వాననీరు, చెమ్మ గోడదాకా రాకుండా కట్టిన కట్ట అది. ఏడాదికి సుమారు 1100 మిల్లీమీటర్ల వాన పడే చోట ఆ కట్టను పాతిపెట్టేసి గోడను నిందించడం ఏం న్యాయం? పురపాలక సంఘాలు పాత పేటల్లో రోడ్డు మట్టం పెంచకుండా పని చేయిస్తే, ఒక్క రూపాయి వారసత్వ నిధి లేకుండానే వందల ఇళ్లు బతుకుతాయని నా నమ్మకం.

పాత ఇల్లు ఉండి, దాన్ని నిలుపుకోవాలనుకునేవారికి పని వరస ఇది. ముందు గోడ వెంట వాననీరు నిలవకుండా కాలువ తీయించాలి, చూరు నీళ్లు గోడ మొదట్లో పడకుండా చూడాలి. తర్వాత సిమెంటు పూతను ఉలితో మెల్లగా ఊడదీసి గోడను వదిలేయాలి. ఇక్కడే చాలామంది ఓపిక పోగొట్టుకుంటారు. రెండడుగుల గోడ లోపలి తడి ఆరడానికి నెలలు పడుతుంది, పైకి తేలే ఉప్పును పొడి బ్రష్షుతో దులుపుతూ ఉండాలి, కడగకూడదు. రాలిన చోట్ల అదే ఎర్రమట్టి, గడ్డి కలిపి పూడ్చాలి. ఆఖరున సున్నం. వారాల తరబడి నీళ్లలో నానిన సున్నం అయితేనే పూత పొక్కదు. వేసిన పూతను నీడపట్టున, తడి గోనెల కింద మెల్లగా ఆరనివ్వాలి, ఎందుకంటే గాలిలోని వాయువును పీల్చుకోవడానికి దానికి తేమ కావాలి. వర్షాకాలం తగ్గాక సిమెంటు ఊడదీయడం మొదలుపెట్టి, గోడ బాగా తడిసి ఉంటే ఆ ఏడాది పూత ఊసెత్తకుండా ఆగి, మరుసటి ఏడు సంక్రాంతి వెళ్లగానే సున్నం వేస్తే, ఎండలు ముదిరేలోపు పూత పట్టుకుంటుంది.